ఉప్పుగాలికి ఏ చాకు?

చిరంజీవి అల్లుడికి,

రెండిట్లో ఏ చాకు కొనాలని నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రెండూ ఓపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ 8వ నంబరు మడతచాకులే. 8.5 సెంటీమీటర్ల అలుగు, బీచ్ చెక్క పిడి, మెడ దగ్గర తిప్పే ఉంగరం, అన్నీ ఒకటే. (ఈ బీచ్ మన ఆర్కే బీచ్ కాదు, యూరప్ చెట్టు.) తేడా ఉక్కులో ఉంది. అలుగు మీద కిరీటం పెట్టిన చెయ్యి బొమ్మ దగ్గర ఒకదానికి కార్బోన్ అనీ, ఇంకోదానికి ఐనాక్స్ (అంటే స్టెయిన్‌లెస్) అనీ ముద్ర ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద రాత నమ్మకుండా ఆ ముద్ర చదువు.

కార్బన్ ఉక్కు సానరాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. అదొక్కటే చూస్తే నా ఓటు దానికే. కానీ నువ్వుండేది విశాఖ సముద్రం పక్కన చిన వాల్తేరు. బాల్కనీ గ్రిల్లును తినే ఉప్పుగాలే చాకునీ తింటుంది. పైగా జేబులో చెమట, అదీ ఉప్పే. మే నెలలో తడిసిన ప్యాంటు జేబులో ఒక పగలుంచితే చాలు, అలుగు మీద ఎర్ర చుక్కలు తేలతాయి. పచ్చి మామిడికాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది కూడా. నలుపుకి భయపడక్కర్లేదు, అది పట్టాక తుప్పు కాస్త నెమ్మదిస్తుంది. ఎరుపే ఉక్కును తొలిచేస్తుంది. ఇది తెలీక నలుపును గరుకు కాగితంతో రుద్దేసి మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు బోలెడుమంది.

రోజూ జేబులో తిప్పడానికే అయితే ఐనాక్స్ తీసుకో. దానికి తుప్పే పట్టదనుకోకు. ఇరుసు దగ్గర సందులో పండ్ల రసం, ఉప్పు దిగితే అక్కడ చుక్కలు పడతాయి. పని అవగానే తడిగుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడువు. వారానికోసారి ఇరుసులో ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ వెయ్యి, మందుల షాపులో దొరుకుతుంది. కుట్టుమిషను నూనె వద్దు, ఆ చాకుతోనే జామకాయ కోస్తావు కదా.

ఉక్కు సంగతి తేలింది. రెండింటికీ ఉమ్మడి తలనొప్పి చెక్క. ముసురు రోజుల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, పిడిలోని గాడి అలుగును రెండు వైపులా నొక్కేస్తుంది. గోరు విరుగుతుందే కానీ చాకు తెరుచుకోదు. అప్పుడు ఉంగరంలోని చీలిక గాడికి ఎదురుగా వచ్చేలా తిప్పి, పిడి వెనక కొసను బల్ల అంచుకు టక్కున కొట్టు. అలుగు మొన కాస్త బయటికొస్తుంది, పదును లేని వీపు పట్టుకుని లాగు. ఈ చాకు పుట్టిన ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతం వాళ్ళ పాత చిట్కా ఇది. తరవాత తెరిచే ఉంచి రెండు రోజులు ఫ్యాను కింద నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే చెక్క పగులుతుంది. అప్పటికీ బిగుతుగానే ఉంటే 120 నంబరు గరుకు కాగితం మడిచి, ఇరుసు పక్కన గాడి లోపలి గోడల్ని కొద్దికొద్దిగా రుద్దు. ఎక్కువ రుద్దావంటే వేసవిలో అలుగు వదులై ఊగుతుంది. చాకుని నీళ్ళల్లో మాత్రం నానబెట్టకు.

తెరవగానే ఉంగరం తిప్పి బిగించు, ఆ తరవాతే కొయ్యి. మరిచిపోతే అలుగు వేళ్ళ మీదికి మడుచుకుంటుంది. మూసినప్పుడూ తిప్పు, జేబులో తెరుచుకోదు. కొబ్బరికాయ చెక్కలు పెకలించడానికి, డబ్బా మూతలు ఎత్తడానికి వాడకు. అలుగు పల్చన, మొన విరుగుతుంది.

పదునుకి 1000 నంబరు రాయి చాలు. అలుగు వెడల్పులో మూడో వంతు ఎత్తుకి వీపు లేపితే 20 డిగ్రీలు వస్తుంది, చివరిదాకా ఆ ఎత్తు మారకూడదు. ఒక వైపు రుద్దుతూ ఉంటే అవతలి అంచున సన్నటి గరుకు వేలికి తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా తగిలాకే రెండో వైపు తిప్పు. చివర్లో పాత తోలు బెల్టు మీద వీపు ముందుండేలా పదిసార్లు లాగు.

చట్టం గురించి అడిగావు. లైసెన్సు లెక్క 9 అంగుళాలు దాటిన అలుగులకి, నీది అందులో సగం కూడా లేదు. అయినా విమానం ఎక్కే రోజు చేతిసంచిలో ఉంచకు, లగేజీలో వేసెయ్యి. పోర్టు, స్టీల్ ప్లాంటు గేట్లలోకి వెళ్ళే పనుంటే ఇంట్లోనే వదిలి వెళ్ళు.

మీ మావయ్య