గ్లేజు రెసిపీ దాచుకోవచ్చు, బకెట్‌లో ఏముందో దాచకూడదు

నెల్లూరులో కొందరు కలిసి పెట్టుకున్న కుండల స్టూడియోలో ఒక సీనియర్ తన గ్లేజు (కుండ మీద వేసి కాల్చితే గాజులా కరిగి అతుక్కునే పూత) రెసిపీ చెప్పనంటున్నారు, కొత్తవాళ్లు నొచ్చుకుంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నేను ఒంగోలులో అలాంటి షెడ్డులోనే పని చేస్తున్నాను. మా దగ్గరా ఈ గొడవ నడిచింది కాబట్టి చెబుతున్నాను.

ఆయన్ని బలవంతపెట్టకండి. ఆ గ్లేజు వేసిన కప్పులు అమ్ముకునే ఆయన ఇల్లు గడుస్తోందేమో, ఆ రంగు కోసం ఎన్ని కాల్పులు పాడు చేసుకున్నారో మనకు తెలియదు. కానీ పదిమంది చేతులు ముంచే గ్లేజు బకెట్ సంగతి వేరు. అందులో ఏ పదార్థాలున్నాయో పైన రాసి ఉండాల్సిందే, ఇందులో మొహమాటం పనికిరాదు. తక్కువ వేడికి కరిగే పాతకాలపు గ్లేజుల్లో సీసం వాడేవారు. బేరియం కార్బొనేట్, మాంగనీస్ కూడా ఒంటికి మంచివి కావు. మనవాళ్లు గ్లేజు వేసిన గిన్నెలో చింతపండు పులుసు పోస్తారు, మామిడికాయ పచ్చడి పెడతారు. గ్లేజులో సీసం ఉంటే పులుపు దాన్ని బయటకు లాగుతుంది. అందుకే మా షెడ్డులో సీసం ఉన్న పొడిని లోపలికే రానివ్వం. కొత్త గ్లేజు వేసి కాల్చిన టైల్‌ను (పరీక్ష కోసం చేసుకున్న చిన్న మట్టి బిళ్లను) రాత్రంతా నిమ్మరసంలో ఉంచుతాం. రంగు మారినా, మెరుపు తగ్గినా అది తిండి గిన్నెలకు పనికిరాదు. అయితే ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన సీసం లేదని కాదు. ఆ సంగతి ల్యాబ్‌లోనే తేలుతుంది.

ఇక రెసిపీ విషయం. అది కాగితం మీద దొరికినంత మాత్రాన రంగు రాదని కొత్తవాళ్లకు తెలియాలి. ప్రపంచమంతా తెలిసిన 4-3-2-1 గ్లేజునే చూడండి. ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే (తెల్ల బంకమన్ను) 10 పాళ్లు. ఇందులో రహస్యమేమీ లేదు. కానీ ఇది దాదాపు 1280 డిగ్రీల దగ్గర కరిగే గ్లేజు. మన చెరువు ఎర్రమన్ను అంత వేడిని తట్టుకోలేదు, ఉబ్బిపోయి కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) లోపలి షెల్ఫుకు అతుక్కుంటుంది. స్టోన్‌వేర్ లాంటి ఎక్కువ వేడిని తట్టుకునే మట్టికి తప్ప ఇది పనికిరాదు. కాబట్టి రెసిపీతో పాటు మట్టి ఏది, ఎంత వేడి, ఆ వేడిలో ఎంతసేపు నిలిపారు అన్నవి కూడా రాసుకోవాలి. ఇవి లేకుండా అంకెలు మాత్రమే ఇస్తే పంచుకున్నట్టే కాదు.

పొడి ఎక్కడిదో కూడా రాయండి. సైదాపురం, గూడూరు వైపు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం గనులున్న ప్రాంతం మనది, సరుకు దగ్గరలోనే దొరుకుతుంది. కానీ ఒక లోడు ఫెల్డ్‌స్పార్‌కూ ఇంకో లోడుకూ తేడా వస్తుంది, కరిగే తీరు మారుతుంది. మా షెడ్డులో కొత్త బస్తా తెరిస్తే ముందు పాత టైల్ పక్కన కొత్త టైల్ కాల్చి చూస్తాం. చీమకుర్తి గ్రానైట్ పొడి వేసి ముదురు గోధుమ రంగు రాబట్టిన వాళ్లు మాలో ఉన్నారు. అక్కడి నల్ల రాయిలో ఇనుము ఉంటుంది. కోత మిషన్ బురదలో రాయితో పాటు ఉక్కు రవ్వలు, సున్నం కూడా కలిసి ఉండొచ్చు కనుక ఏ బస్తా ఎలా పలుకుతుందో కాల్చితేనే తెలుస్తుంది. రైసు మిల్లు ఊక బూడిద ఇంకో మంచి సరుకు, అందులో ఎక్కువ భాగం సిలికానే, అంటే క్వార్ట్జ్‌లో ఉండేదే. కట్టెల బూడిదలో మాత్రం సున్నం ఎక్కువ. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పోసి ‘బూడిద’ అని రాస్తే, తర్వాత వచ్చినవాళ్లు ఎంత తూచి కలిపినా లెక్క తప్పుతుంది.

ఇంకోటి, చిక్కదనం. చాలామంది దీన్ని పట్టించుకోరు, నా మటుకు సగం తేడాలు ఇక్కడే వస్తాయి. 100 మి.లీ. గ్లేజును తూచితే 140 నుంచి 150 గ్రాముల మధ్య ఉంటే ముంచడానికి చాలావరకు సరిపోతుంది. ఆ అంకెను, ఎన్ని సెకన్లు ముంచారో కూడా టైల్ వెనక ఐరన్ ఆక్సైడ్‌తో రాయండి. కార్తీకం వానల్లో బిస్క్ చేసిన (గ్లేజు వేయకముందు ఒకసారి కాల్చిన) కప్పులు కూడా చెమ్మ పట్టి నీళ్లు తక్కువ పీలుస్తాయి, పూత పలచబడుతుంది. అప్పుడు సూదితో గీసి మందం చూసుకోవాలి. పొడులు కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే వెనక్కి రాదు.

కొత్తవాళ్ల కోపం తగ్గాలంటే వాళ్ల చేతికి పని ఇవ్వండి. ఎవరి రహస్యమూ కాని రెండు గ్లేజులు తీసుకుని 100-0, 90-10, 80-20 అంటూ 0-100 దాకా కలిపితే 11 టైల్స్ అవుతాయి. తలా రెండు పంచుకుంటే అందరికీ భారం తక్కువ, ఫలితం అందరిదీ. టైల్స్‌ను నిలబెట్టి కాల్చండి, గ్లేజు ఎంత జారుతుందో కనబడుతుంది. వాటిని గోడకు మేకులు కొట్టి వేలాడదీయండి. ఎవరైనా ఒక రెసిపీ ఇస్తే నోట్‌బుక్‌లో వాళ్ల పేరు రాయండి, అమ్మకానికి వాడేముందు ఒక మాట అడగండి.

మీ సీనియర్‌ను రెసిపీ అడగడం ఆపేసి, కిల్న్ తెరిచే రోజు ఆ టైల్స్ చూసి మాట్లాడమని పిలవండి. ఫలానా టైల్ మీద సన్నని పగుళ్లు ఎందుకు వచ్చాయి, సిలికా ఎంత పెంచితే పోతాయి అని అడగండి. మా పెద్దాయన తన నల్ల గ్లేజు లెక్క ఇప్పటికీ చెప్పలేదు. పగుళ్లు, బుడగలు, అంచు దగ్గర గ్లేజు ముడుచుకుపోవడం గురించి మాత్రం అడిగిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు.