బంపర్ బిల్లుకు లోన్ యాప్ ఎందుకండీ?

ప్రశ్న: ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు, కారు పాలసీపై 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) వస్తోంది. పోయిన వారం గోడకు తగిలి ముందు బంపర్, గ్రిల్ పగిలాయి. గ్యారేజీవాళ్లు రూ.11,000 అన్నారు. బోనస్ పోతుందని క్లెయిమ్ చేయట్లేదు, లోన్ యాప్‌లో తీసుకుని కట్టేద్దామనుకుంటున్నాను. ఆరు నెలల్లో కారు అమ్మేస్తాను. పాలసీ రద్దు చేసుకుంటే బోనస్ డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. బోనస్ కాపాడుకుందామని అప్పు చేసేవాళ్ల ఉత్తరాలు తరచూ వస్తున్నాయి, అందుకే మీకు జవాబు రాస్తున్నాను. బోనస్‌తో మిగిలేది ఆ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజులు, వసూలు ఫోన్ల టెన్షన్‌కే సరిపోతుంది.

క్లెయిమ్ చేయకూడదన్న మీ ఆలోచన మాత్రం తప్పు కాదు. మీరు పంపిన పాలసీలో బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ (మీ కారుకు జరిగే నష్టానికి) ప్రీమియం రూ.12,000. మీరు కడుతున్నది 6,000. (ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియంపై బోనస్ ఉండదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.) ఇప్పుడు క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌కు బోనస్ సున్నా. తర్వాత 20, 25, 35, 45 శాతాలు దాటుకుని మళ్లీ 50కి రావాలి. ఈ ఐదేళ్లలో అదనంగా కట్టేది 6,000, 3,600, 3,000, 1,800, 600... మొత్తం 15,000. ఐడీవీ (బీమా కంపెనీ లెక్కగట్టే కారు విలువ) ఏటా తగ్గుతుంది, దాంతో ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి కొంత తక్కువే అవుతుందనుకోండి. మరి క్లెయిమ్‌లో వచ్చేదెంత? మీకు జీరో డెప్ (సామాన్ల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ప్లాస్టిక్ సామాన్లకు సగమే ఇస్తారు, ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. మీ బిల్లులో సామాన్లే 8,000 కాబట్టి చేతికొచ్చేది 6,000 లోపే.

కారు అమ్మితే బోనస్ పోదు. అది బండిది కాదు, మీది. పాత బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు. మళ్లీ కారు కొనే ఉద్దేశమే లేకపోతే దాచుకుని ఏం చేస్తారు, హాయిగా క్లెయిమ్ చేసేయండి.

రీఫండ్ సంగతి: బోనస్ ఎక్కడో జమ అయిన డబ్బు కాదు, మీరు కట్టకుండా మిగిలిన డబ్బు. ఓన్ డ్యామేజ్ పాలసీ రద్దు చేస్తే మీరు నిజంగా కట్టిన 6,000లో మిగిలిన నెలల వాటా మాత్రమే వస్తుంది. ఈ పాలసీ ఏడాదిలో క్లెయిమ్ చేసి ఉంటే అదీ రాదు. థర్డ్ పార్టీ కవర్ బండితోపాటే కొన్నవారికి వెళ్తుంది.

ఇక అసలు విషయానికొస్తే, నెలనెలా జీతం వచ్చే ఇంట్లో 11,000 బయటికి తీయలేకపోవడం బోనస్ పోవడం కన్నా పెద్ద ప్రమాదం. రేపు బంపర్ కాకుండా ఆస్పత్రి బిల్లు వస్తే? పగిలిన గ్రిల్‌తో కారు నడుస్తుంది. పదునైన ముక్కలు వేలాడకుండా, నంబర్ ప్లేటు, లైట్లు సరిగా ఉండేలా కట్టించుకుని రెండు జీతాలు ఆగండి. బంపర్‌కు ప్లాస్టిక్ వెల్డింగ్ కుదురుతుందేమో అడగండి, బిల్లు తగ్గొచ్చు. ఈ నెల నుంచే జీతం పడిన రోజే కొంత వేరే ఖాతాలోకి పోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ముందు ఒక నెల ఇంటి ఖర్చు, తర్వాత ఆరు నెలలది. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. కారు అమ్మిన డబ్బులో మొదటి వాటా కూడా అందులోకే.