మోడరన్ టైమ్స్ చూసి ఇంకా ఎందుకు నవ్వుతున్నాం?

చార్లీ చాప్లిన్ తీసిన మోడరన్ టైమ్స్ 1936లో వచ్చిన నలుపు తెలుపు సినిమా, పైగా దాదాపు మాటల్లేనిది, దాన్ని ఇప్పటికీ ఎందుకు చూస్తున్నారని అడుగుతుంటారు. అందులో చార్లీ ఫ్యాక్టరీలో కదిలే బెల్టు పక్కన నిలబడి నట్లు బిగించే కార్మికుడు. చాప్లిన్ మహానటుడు అనేది అందరూ ఇచ్చే జవాబే. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ లైన్ మీద నిలబడ్డవాణ్ణి, నా జవాబు వేరే. బెల్టు పక్కన షిఫ్టు చేయనివాళ్ళకి ఈ సినిమా సగమే అర్థమవుతుంది.

అప్పుడు మా రూములో నలుగురం. ఒకడు ఒడిశా కుర్రాడు. తెలుగు అంతంత మాత్రం, ఇంగ్లీషు సున్నా. ఓ ఆదివారం ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాం. చార్లీ బాత్రూంకి వెళ్తూ కూడా కార్డు పంచ్ చేస్తాడు. లోపల సిగరెట్ వెలిగించాడో లేదో, గోడంత తెర మీద యజమాని ప్రత్యక్షమై పనిలోకి పొమ్మని గద్దిస్తాడు. ఆ కుర్రాడు పొట్ట పట్టుకుని నేల మీద దొర్లాడు. ఎందుకంటే మా ఫ్లోర్‌లో బాత్రూంకి వెళ్ళాలంటే రిజిస్టర్‌లో టైము రాయాలి, ఆలస్యమైతే సూపర్‌వైజర్ తలుపు దగ్గరికే వచ్చేవాడు. ఎప్పుడో అమెరికాలో ఈ సినిమా తీసినవాడికి మా సూపర్‌వైజర్ ఎలా తెలిశాడో!

అన్నం తినిపించే యంత్రం సీను ఇంకా ఘోరం. భోజనం టైము కూడా మిగుల్చుకోవాలని చార్లీని దానికి బిగిస్తారు. సూపు ఒంటి మీద పోస్తుంది, మొక్కజొన్న కంకి గిర్రున తిరుగుతూ పళ్ళు రాలగొట్టేలా ఉంటుంది. మూతి తుడిచే దిమ్మె మాత్రం అంత రభసలోనూ మర్యాదగా వచ్చి ఓసారి అద్ది వెళ్తుంది. చివరికి యజమాని అనేది ఏమిటి? ఇది ఆచరణలో పనికిరాదు, అంతే. మనిషికేమైందని ఒక్కడూ అడగడు.

ఇదంతా ఊరికే ఊహించి తీసింది కాదు. చాప్లిన్ 1923లో డెట్రాయిట్ వెళ్ళి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూశాడు. 1913లో అక్కడ కదిలే లైన్ పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే కారు ఛాసిస్ (అడుగు చట్రం) బిగింపు గంటన్నరకి దిగింది. లెక్క బాగానే ఉంది. మరి నట్లు బిగించేవాడి చేతులు? చార్లీ లైన్ వదిలి పక్కకొచ్చినా భుజాలు అలాగే ఎగురుతుంటాయి. అట్టపెట్టెలు మడిచి మడిచి రాత్రి కంచం ముందు కూర్చున్నా నా వేళ్ళు కూడా అదే పని చేసేవి.

ఈమధ్య ఈ సీన్లని ముక్కలు చేసి, రంగులద్ది, వెనక నవ్వుల సౌండు పెట్టి రీల్స్‌లో వదులుతున్నారు. ఒళ్ళు మండుతుంది. సంగీతం కూడా చాప్లిన్ కట్టిందే, దాన్ని పీకేసి డీజే బిట్టు వేస్తారు!

ఆ రీల్స్‌లో నాకెప్పుడూ కనపడని సీను ఒకటుంది. పెద్ద మెకానిక్ యంత్రంలో ఇరుక్కుంటాడు, తల ఒక్కటే బయట. ఇంతలో భోజనం టైమయి యంత్రం ఆగిపోతుంది. చార్లీ తాపీగా ఓ వేయించిన కోడిని గరాటాలా వాడి ఆయన నోట్లో కాఫీ పోస్తాడు. మొత్తం సినిమా గంటన్నర కూడా లేదు, పూర్తిగా చూడండి.