ఫైవ్ యాక్సిస్ మెషిన్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఫైవ్ యాక్సిస్ మెషిన్‌కి, అంటే కట్టర్ మూడు దిక్కుల్లో జరగడంతో పాటు దాన్ని పట్టిన హెడ్ రెండు రకాలుగా తిరిగే మెషిన్‌కి, నువ్వు పంపిన కొటేషన్లన్నీ చదివాను. బెడ్ సైజు, కట్టర్‌ని తిప్పే స్పిండిల్ కిలోవాట్లు, నిమిషానికి ఎన్ని మీటర్ల వేగం, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. జాబ్‌ని, అంటే కోసే ముక్కని, ఎలా పట్టుకోవాలన్నది మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. అది వాళ్లు చూసుకునేది కాదు, నువ్వు చూసుకోవలసింది. చెక్క ప్యాటర్న్‌లు (పోత అచ్చులకు నమూనాలు), కార్బన్ ఫైబర్ ప్యానెళ్లు రెండూ చేస్తానంటున్నావు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

ఇనప ముక్కయితే వైస్‌లో బిగిస్తే చాలు. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న వంపు ప్యానెల్‌ని అలా బిగిస్తే వంగిపోతుంది, బిగించకపోతే వణుకుతుంది. అందుకే వాక్యూమ్ వాడతాం, అంటే ముక్క కింది గాలిని పంపుతో లాగేసి పట్టి ఉంచుతాం. ఒకసారి లెక్క వేసి చూడు. పంపు బాగుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.8 కిలోల ఒత్తిడి వస్తుంది. 20 సెంటీమీటర్ల చదరం ముక్క మీద అది 320 కిలోలు. వినడానికి చాలానే ఉంది. కానీ అది కిందికి అదిమే బలం. కట్టర్ తోసేది పక్కకి, అక్కడ ఆపేది రాపిడి ఒక్కటే. ముక్క 5 సెంటీమీటర్ల చదరమైతే అదిమే బలం 20 కిలోలకు పడిపోతుంది, కట్టర్ తగలగానే లేచిపోతుంది. చిన్న ముక్కలకు స్క్రూ వెయ్యి, పక్కన స్టాపర్ పెట్టు, లేదా చివరి వరకూ ట్యాబ్‌లు (కోయకుండా వదిలే చిన్న వంతెనలు) వదిలి చేత్తో కోసుకో. వాక్యూమ్ ఒక్కదాన్నే నమ్మకు.

ప్యానెల్‌ని కూర్చోబెట్టి పట్టే ఫిక్స్చర్‌లో రబ్బరు సీలు కోత గీతకు వీలైనంత దగ్గరగా ఉండాలి. సీలు దాటి బయటికి వేలాడే అంచు ఎక్కువైతే కట్టర్ తగలగానే డప్పులా మోగుతుంది. ఆ మోత వినిపిస్తే కోత ఆపి అంచు చూడు, పొరలు విడిపోతూ ఉంటాయి. ఇంకో సంగతి. ఓవెన్‌లో గట్టిపడి అచ్చు నుంచి బయటికొచ్చిన ప్యానెల్ మూలలు కాస్త లోపలికి ముడుచుకుంటాయి. దాన్ని ఫిక్స్చర్‌కి బలవంతంగా అదిమి రంధ్రాలు వేస్తే మెషిన్ మీద కొలత సరిగ్గానే వస్తుంది. వాక్యూమ్ తీయగానే ప్యానెల్ తన ఆకారానికి తాను పోతుంది, రంధ్రాలూ దాంతోపాటే జరుగుతాయి. అదిమిపెట్టి కొలవాలా, వదిలేసి కొలవాలా అన్నది కస్టమర్ దగ్గర ముందే రాతలో తీసుకో. లేకపోతే గొడవ మొదలయ్యాక తప్పంతా నీ మీదికే వస్తుంది.

ఫిక్స్చర్ అల్యూమినియంతో చేయిస్తానన్నావు. మీ షెడ్డులో ఎండాకాలం పొద్దునకీ మధ్యాహ్నానికీ 10 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే రెండు మీటర్ల ఫిక్స్చర్ 0.46 మిల్లీమీటర్లు పెరుగుతుంది, దాని మీదున్న కార్బన్ ఫైబర్ దాదాపు పెరగదు. పొద్దున చేసిన ప్యానెల్, మధ్యాహ్నం చేసిన ప్యానెల్ ఒకదాని మీద ఒకటి పెడితే దూరపు రంధ్రాలు కలవవు. పెద్ద ఫిక్స్చర్‌ని గ్లాస్ ఫైబర్‌తోనో కార్బన్‌తోనో చేయించు, లేదా మెషిన్ ఉన్న భాగానికి ఏసీ పెట్టు.

ఇక మెషిన్ సంగతి. డెమోకి వెళ్లినప్పుడు వాళ్లు ఇంపెల్లరో (వంపు రెక్కల చక్రం) గుర్రం బొమ్మో చేసి చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది కానీ దానివల్ల నీకు తెలిసేదేమీ లేదు. చివర గుండు ఉన్న టెస్ట్ బార్ స్పిండిల్‌లో పెట్టించు. గుండుకి మూడు పక్కలా డైల్ గేజ్‌లు ఆనించు. టీసీపీ ఆన్ చేయించు, అంటే హెడ్ ఎలా తిరిగినా కట్టర్ కొనను ఉన్నచోటే ఉంచే సౌకర్యం. దాని కోడ్ సీమెన్స్ కంట్రోల్ అయితే ట్రాఓరి (TRAORI), ఫానక్ అయితే జీ 43.4. అప్పుడు హెడ్‌ని నిదానంగా చుట్టూ తిప్పమను, తర్వాత పక్కకి 90 డిగ్రీలు వంచమను. హెడ్ అంతా గాల్లో ఊగుతుంటుంది, మూడు లీనియర్ యాక్సిస్‌లూ పరిగెడతాయి, గుండు మాత్రం ఉన్నచోటే ఉండాలి. డైల్ ముల్లు ఎంత కదిలిందో అదే ఆ మెషిన్ అసలు ఖచ్చితత్వం. హెడ్ తిరిగే కేంద్రం నుంచి స్పిండిల్ ముఖం దాకా ఉన్న దూరాన్ని కంట్రోల్‌లో 0.1 మిల్లీమీటరు తప్పుగా ఇస్తే, 90 డిగ్రీలు వంచేసరికి కట్టర్ కొన పక్కకి 0.1, నిలువునా ఇంకో 0.1 తప్పుతుంది. కోణంలో 0.01 డిగ్రీ తేడా ఉంటే అర మీటరు దూరంలో 0.087 మిల్లీమీటర్లు. చెక్క కుర్చీ కాలికి ఇవేమీ లెక్కలోకి రావు. విమానం ప్యానెల్‌కి వస్తాయి. హెడ్ ఎక్కడైనా గుద్దుకున్న ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. అందుకని ఎలా చేయాలో, కంట్రోల్‌లో ఎక్కడ సరిదిద్దాలో ఇన్‌స్టలేషన్‌కి వచ్చే ఇంజనీరు దగ్గర నువ్వే పక్కన నిలబడి నేర్చుకో. సర్వీస్ వాళ్లు రావడానికి వారం పట్టినా నీ పని ఆగకూడదు.

మొదట్లో ఐదు యాక్సిస్‌లూ ఒకేసారి తిప్పాలని ఉబలాటపడకు. హెడ్‌ని ఒక కోణంలో వంచి లాక్ చేసి మామూలు మూడు యాక్సిస్‌లతో కోస్తే నీ పనుల్లో చాలా భాగం అయిపోతుంది. గట్టిగా ఉంటుంది, ఫినిషింగ్ బాగుంటుంది, ప్రోగ్రామ్ తేలిక. పైగా హెడ్ వంచితే పొట్టి కట్టర్ సరిపోతుంది, పొడుగు కట్టర్ వణుకు తప్పుతుంది. కొన గుండ్రంగా ఉండే బాల్ నోస్ కట్టర్ నిలువుగా పెడితే కొన దగ్గర కోత వేగం సున్నా, అక్కడ కోయదు, రుద్దుతుంది. ఓ 15 డిగ్రీలు వంచి చూడు, ప్యాటర్న్ మీద శాండ్‌పేపర్ పని ఎంత తగ్గుతుందో నీకే తెలుస్తుంది.

ఐదూ కలిపి తిప్పాల్సిన చోట ఒకటి గమనించు. నిమిషానికి 18,000 తిరిగే స్పిండిల్, రెండు పళ్ల కట్టర్, పంటికి 0.3 మిల్లీమీటర్ల పొట్టు అంటే ఫీడ్ (కట్టర్ ముందుకు జరిగే వేగం) నిమిషానికి 10.8 మీటర్లు. కాగితం మీద సరే. పదునైన మూల దగ్గర హెడ్ తిరగడానికి టైం పడుతుంది, ఫీడ్ పడిపోతుంది, స్పిండిల్ మాత్రం అదే వేగంతో తిరుగుతుంటుంది. చెక్క అయితే అక్కడ నల్లబడుతుంది, కార్బన్ అయితే రెజిన్ మాడుతుంది. డెమోలో నీ జాబ్‌లోని అతి ఇరుకు మూలే కోయించు. పోస్ట్ ప్రాసెసర్ (ప్రోగ్రామ్‌ని ఆ మెషిన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ధర, మెషిన్ మోడల్‌తో సిమ్యులేషన్ ధర కొటేషన్‌లో కలిపి రాయించు, విడిగా తర్వాత చూద్దామంటే ఒప్పుకోకు.

దుమ్ము విషయంలో నా మాట కచ్చితంగా విను. కార్బన్ దుమ్ము కరెంటు పారనిస్తుంది, ప్యానెల్ బోర్డులోకి వెళ్తే డ్రైవ్‌లు కాలిపోతాయి. చెక్క దుమ్ము నిప్పు రవ్వ తగిలితే పేలుతుంది. దీర్ఘకాలం పీలిస్తే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. రెంటికీ వేర్వేరు కలెక్టర్లు పెట్టు. చెక్కకు వేసిన గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగం తగ్గకూడదు, తగ్గితే పొట్టు లోపలే పేరుకుంటుంది. ఎయిర్ గన్‌తో బట్టలు దులుపుకునే అలవాటు కుర్రాళ్లకు మొదటి రోజే మాన్పించు. వాళ్ల ఊపిరితిత్తుల బాధ్యత నీది.

కార్బన్ మామూలు కార్బైడ్ కట్టర్‌ని తొందరగా అరగదీస్తుంది, డైమండ్ కోటింగ్‌దో పీసీడీదో (కృత్రిమ వజ్రపు అంచు ఉన్నది) లెక్కలో వేసుకో. చెక్క కొనేటప్పుడు తేమ మీటర్ దగ్గర పెట్టుకో. వానాకాలంలో తెచ్చిన టేకు ఏసీ గదిలో ఆరాక అడ్డంగా కుంచించుకుపోతుంది, ప్యాటర్న్ కొలత మారిపోతుంది.

ఆర్డర్ల మాట. హైదరాబాద్ దగ్గరి ఆదిభట్ల వైపు విమాన భాగాల పని కోసమే కొంటున్నానన్నావు. ఆ పనికి ఏఎస్ 9100 అనే విమాన రంగపు నాణ్యతా సర్టిఫికెట్ కావాలి, ఆ తర్వాత ఒక్కో భాగానికీ ఫస్ట్ ఆర్టికల్ ఆమోదం, అంటే మొదట చేసిన ముక్కను పూర్తిగా పరీక్షించి ఇచ్చే ఆమోదం కావాలి. అదంతా అయ్యేదాకా ఈఎమ్ఐ ఆగదు. అందాకా ఫౌండ్రీ ప్యాటర్న్‌లు, థర్మాకోల్ ప్యాటర్న్‌లు, బస్సులకు ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) భాగాల అంచులు కోయడం, వీటితో మెషిన్ నడవాలి. మొదటి ఏడాదికి ఆ పని చేతిలో లేకపోతే ఇప్పుడే కొనకు. ఒక ఏడాది జాబ్ వర్క్ బయట చేయించి కస్టమర్లను సంపాదించుకో.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా. నీ ప్యానెల్ ఒకటి, ఫిక్స్చర్ ఒకటి తీసుకుని మనిద్దరం డెమోకి వెళ్దాం. టెస్ట్ బార్, డైల్ గేజ్‌లు నేను తెస్తాను. తేదీ వాళ్లనడిగి చెప్పు. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య