ధర ముఖ్యమా, ఆచారమా? టూవీలర్ షోరూమ్‌లో నేను చూసింది

"సంస్కృతి, సంప్రదాయం అంటారు గానీ చివరికి జనం చూసేది ధరే కదా?" అని నన్ను ఒకరు అడిగారు. విశాఖలో గాజువాక వైపు టూవీలర్ షోరూమ్‌లో చాలాకాలంగా సేల్స్ చేస్తున్నాను. ధర చూస్తారు, బేరం గట్టిగానే ఆడతారు. బండి ఏ రోజు రోడ్డెక్కాలన్నది మాత్రం పంచాంగం చూసే చెబుతారు.

ఆషాఢమే తీసుకోండి. జగదాంబ, డాబాగార్డెన్స్ బట్టల షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. పెళ్లిళ్లు లేని నెల, సరుకు కదలాలంటే డిస్కౌంట్ ఇవ్వాల్సిందే. అదే నెలలో మేమూ ఆఫర్ పెడతాం. ఫోన్లు మోగుతాయి, బుకింగులూ అవుతాయి. డెలివరీ దగ్గరికొచ్చేసరికి "శ్రావణం రానీ బాబూ" అంటారు. ఎందుకంటే ఆషాఢంలో కొన్న చీరను బీరువాలో పెట్టి, వరలక్ష్మీ వ్రతం నాడు మడత విప్పొచ్చు. బండి అలా కాదు, షోరూమ్ గేటు దాటితే వాడకం మొదలైనట్టే. పట్టింపంతా డబ్బు కట్టే రోజు మీద కాదు, మొదటిసారి వాడే రోజు మీద. అందుకే ఇప్పుడు మా ఆఫర్ ఒకటే: ఆషాఢంలో బుక్ చేసుకోండి, అదే రేటుకి శ్రావణంలో తీసుకెళ్లండి.

అందరికీ ఒకే లెక్క కూడా కాదు. స్టీల్‌ప్లాంట్, నేవీ ఉద్యోగాల వల్ల ఇక్కడ అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. మనవాళ్లు అమావాస్య అంటే ఆమడ దూరం. తమిళ కుటుంబాలు కొన్ని ఏరికోరి ఆ రోజే తీసుకుంటాయి. మోడల్ అదే, ఈఎంఐ అదే. మా స్టాఫ్‌కి మాత్రం అమావాస్య నాడు ఖాళీగా కూర్చోకుండా నాలుగు డెలివరీలు దొరుకుతాయి!

తాళం చేతికి రాగానే చాలామంది నేరుగా ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్తారు. రోడ్డు పక్కన బండ్లు వరుసకట్టి ఉంటాయి. హ్యాండిల్‌కి దండ, పసుపు కుంకుమ బొట్లు, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. అవి నలిగాకే ఇంటికి. ఆ పూజకి టైమ్ కుదరదంటే డెలివరీనే మర్నాటికి మార్చుకున్నవాళ్లున్నారు.

ధర మాటకొస్తే, 2025 సెప్టెంబర్ 3న 350 సీసీ వరకు బండ్లపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అమలు 22 నుంచి. సరిగ్గా ఆ రోజే శరన్నవరాత్రులు మొదలు. అంతకుముందు పదిహేను రోజులూ పితృపక్షం, ఎలాగూ కొత్త బండి తీయరు. మరి 22 దాకా ఆగినవాళ్లు ధర కోసం ఆగారా, పాడ్యమి కోసమా? వాళ్లనడిగినా విడదీసి చెప్పలేరు.

అలాగని ఆచారాలన్నీ తాతలనాటివనుకోకండి. మా చిన్నప్పుడు అక్షయ తృతీయ అంటే సింహాచలం చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం. ఆ రోజు బంగారం కొనాలన్న మాట మా ఇంట్లో వినలేదు. ఇప్పుడు కొండ దిగి నగల షాపుకి వెళ్లేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఇదంతా ప్రకటనల మహిమేనంటే నేను సగమే ఒప్పుకుంటాను. అప్పటికే జనం మంచిదనుకునే తిథి కాబట్టే అతుక్కుంది. మేమూ ఏటా షోరూమ్ వార్షికోత్సవ ఆఫర్ అని ఊరంతా ఫ్లెక్సీలు కడతాం. దానికోసం ఆగి కొన్న కస్టమర్‌ని నేనింతవరకు చూడలేదు.