నాలుగు వేల పోస్టుల సైటును బాట్లు ఊడ్చేస్తుంటే ముందు ఏ తలుపు మూయాలి?

మీరు చెప్పినది ఇది: వర్డ్‌ప్రెస్ మీద నడిచే తెలుగు వంటల సైటు, 4,000 దాకా పోస్టులు, 2 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్), ముందు పేజీలు అందించే ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్. అర్ధరాత్రి సర్వర్ కూలబడుతోంది. మీ వంటకాలు ఫొటోలతో సహా వేరే సైటులో తేలుతున్నాయి. రైట్ క్లిక్ ఆపే ప్లగిన్ పెట్టినా ఆగలేదు.

ముందు ఆ ప్లగిన్ తీసేయండి. బాట్ అంటే మనిషి లేకుండా తనే పేజీలు తెరిచే ప్రోగ్రామ్, దానికి మౌస్ ఉండదు. పేజీ అడుగుతుంది, హెచ్‌టీఎమ్ఎల్ పట్టుకుపోతుంది, అంతే. ఆ ప్లగిన్ వల్ల ఇబ్బంది పడేది కొలతలు కాపీ చేసి వాట్సాప్‌లో వదినకు పంపుదామనుకున్న పాఠకురాలే.

అందరికీ తెరిచి ఉన్న పేజీని కాపీ కాకుండా పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. మూటగట్టి ఎత్తుకెళ్లే దారులు మూయగలం, ఆ తర్వాత పేజీ పేజీకీ బాట్‌కు అయ్యే ఖర్చు పెంచగలం. చేసే వరుస కూడా అదే. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి ఐపీల వెంట పరిగెడతారు. మొదటి తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంటుంది.

మీ బ్రౌజర్‌లో లాగిన్ లేకుండా, మీ డొమైన్ పక్కన /డబ్ల్యూపీ-జేసన్/డబ్ల్యూపీ/వీ2/పోస్ట్స్ అని కొట్టి చూడండి (అసలు దారి ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి). పోస్టులు పూర్తి పాఠంతో వచ్చాయా? ఇది వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా తెరిచే ఉండే రెస్ట్ ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే దారి. ఒక్క అభ్యర్థనకు 100 పోస్టుల దాకా ఇస్తుంది. మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా హెడర్‌లో తనే చెబుతుంది. అంటే మీ 4,000 పోస్టులు 40 అభ్యర్థనల్లో ఖాళీ. నిమిషానికి ఒకటి చొప్పున తీరిగ్గా అడిగినా గంట పట్టదు, ఏ వేగ పరిమితికీ అది దొరకదు.

దీన్ని మూసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఎన్‌జిన్ఎక్స్‌లో ఆ దారికి 403 (ప్రవేశం లేదు) పెట్టి ఊరుకోవడం. అదే ఏపీఐ ‘రెస్ట్_రూట్’ అనే క్వెరీతో హోమ్ పేజీ చిరునామా మీద కూడా పనిచేస్తుంది, కాబట్టి దొడ్డిదారి మిగిలే ఉంటుంది. రెండు, ఏపీఐని అందరికీ మొత్తంగా ఆపేయడం. అప్పుడు మీ బ్లాక్ ఎడిటరే పోస్టు సేవ్ చేయదు, సంప్రదింపు ఫారాలు కొన్ని మూగబోతాయి. సరైన చోటు చైల్డ్ థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలు, లేదా చిన్న సొంత ప్లగిన్. అక్కడ ‘రెస్ట్_ఎండ్‌పాయింట్స్’ ఫిల్టర్‌కు తగిలించి, లాగిన్ కాని వాళ్లకు పోస్టులు, పేజీలు, మీడియా, యూజర్ల దారులను మాత్రమే తీసేయండి. ఒక్కోదానికీ ముఖ్యమైనవి రెండేసి నమోదులుంటాయి: జాబితాది ఒకటి, ఐడీతో వచ్చేది ఒకటి. రెండూ తీయాలి.

తర్వాత ఫీడ్, అంటే కొత్త పోస్టులను వేరే ప్రోగ్రాములకు అందించే జాబితా. సెట్టింగ్స్‌లో రీడింగ్ పేజీకి వెళ్లి, ఫీడ్‌లో పూర్తి పాఠం బదులు సారాంశం ఎంచుకోండి. సారాంశం మామూలుగా 55 మాటలు, తెలుగులో ఒక మంచి పేరా. ఫీడ్‌కు కూడా పేజీ నంబర్లుంటాయి, కాబట్టి ‘పది పోస్టులే కదా’ అనుకోవద్దు. మీ థీమ్ హోమ్ పేజీలోనూ విభాగాల పేజీల్లోనూ పూర్తి వంటకం చూపిస్తుంటే అక్కడా సారాంశానికి మార్చండి. సైట్‌మ్యాప్‌ను (సెర్చ్ ఇంజిన్ల కోసం పెట్టే మీ పేజీల జాబితాను) మాత్రం దాచొద్దు, అది లేకపోతే నష్టం మీకే. వంటకం స్కీమా (యంత్రాలు చదవడానికి పేజీలో రాసే వివరాలు) కూడా అంతే. పదార్థాలు, విధానం యంత్రానికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే ఉంటాయి, నిజమే. కానీ గూగుల్‌లో ఫొటోతో కనబడటానికి అదే ఆధారం. నేనైతే ఉంచేస్తాను.

ఇప్పుడు లాగ్ చూడండి, సర్వర్‌కు వచ్చిన ప్రతి అభ్యర్థనా రాసి ఉండే ఫైలు. ఎన్‌జిన్ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో మొదటి గడి ఐపీ. దాన్ని ఆక్ అనే లినక్స్ కమాండ్‌తో విడదీసి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెట్టి, పై 20 చూస్తే చాలు. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటే మన అర్ధరాత్రి లాగ్‌లో 18:30 అని ఉంటుంది, తప్పు గంట చూసి కంగారుపడొద్దు. మనిషి పేజీ తెరిస్తే వెంటనే సీఎస్ఎస్, ఫాంటు, ఫొటోల అభ్యర్థనలు పదుల్లో వస్తాయి. బాట్‌కు హెచ్‌టీఎమ్ఎల్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. పేజీ 2, 3, 4 అని వరుస తప్పకుండా నడుస్తుంది. యూజర్ ఏజెంట్‌లో (వచ్చినవాళ్లు తమ గురించి చెప్పుకునే పేరులో) పైథాన్ రిక్వెస్ట్స్, స్క్రాపీ, కర్ల్, హెచ్‌టీట్రాక్ అని పేరుతోనే వచ్చేవాళ్లు అమాయకులు, వాళ్లను పేరు చూసే ఆపేయొచ్చు. ఎన్‌జిన్ఎక్స్‌లో 444 కోడ్ ఇస్తే జవాబే లేకుండా కనెక్షన్ తెగిపోతుంది. క్రోమ్ వేషం వేసుకొచ్చేవాళ్లు పేరుతో దొరకరు, నడకతోనే దొరుకుతారు.

వేగ పరిమితికి ఎన్‌జిన్ఎక్స్‌లోని లిమిట్ రెక్ చాలు. 10 ఎంబీ జోన్ (ఐపీల లెక్క ఉంచే మెమరీ), ఐపీకి నిమిషానికి 30 అభ్యర్థనలు, బర్స్ట్ 10 (ఒక్కసారిగా వచ్చినా వదిలేసే అదనం), పక్కన నోడిలే (ఆ అదనాన్ని ఆపకుండా వెంటనే పంపమని). బర్స్ట్ పెట్టకపోతే రెండు ట్యాబులు ఒకేసారి తెరిచిన పాఠకుడికే దెబ్బ తగులుతుంది. తిరస్కరించినప్పుడు మామూలుగా 503 (సేవ అందుబాటులో లేదు) వెళ్తుంది, దాన్ని 429కి (అభ్యర్థనలు మరీ ఎక్కువ) మార్చండి. మొదటి రెండు మూడు రోజులు డ్రై రన్ ఆన్ చేసి ఉంచితే ఎవరినీ ఆపకుండా, ఆపవలసినవాళ్లను ఎర్రర్ లాగ్‌లో రాస్తుంది. ఆ జాబితాలో మామూలు పాఠకులు కనబడితే అంకె పెంచాలి.

ఇది పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు, పరిమితిని పీహెచ్‌పీ లొకేషన్‌లో (పీహెచ్‌పీ అభ్యర్థనలకే వర్తించే ఎన్‌జిన్ఎక్స్ సెట్టింగు భాగంలో) పెట్టడం. క్యాష్ ప్లగిన్ పేజీలను తయారు ఫైళ్లుగా పెట్టి ఎన్‌జిన్ఎక్స్‌తో నేరుగా ఇప్పిస్తుంటే ఆ అభ్యర్థన పీహెచ్‌పీ దాకా వెళ్లదు, లెక్కలోకి రాదు. పరిమితి మూల లొకేషన్‌లో ఉండాలి. ఫొటోలకు, సీఎస్ఎస్‌కు పరిమితి లేని వేరే లొకేషన్ ఉండాలి. అడ్మిన్ వైపు కూడా వదిలేయండి, ఎడిటర్ తనంతట తానే తరచూ సర్వర్‌ను పలకరిస్తుంటుంది.

అంకె మరీ బిగించకండి. జియో, ఎయిర్‌టెల్ లాంటి మొబైల్ నెట్‌లో ఒకే ఐపీవీ4 వెనక ఎందరో ఉంటారు. పండగ ముందు రోజు బొబ్బట్లు, పులిహోర కోసం వచ్చేవాళ్లంతా మీ సర్వర్‌కు ఒకే మనిషిలా కనబడొచ్చు. ఐపీవీ6లో కథ తిరగబడుతుంది. ఒక్క మామూలు కనెక్షన్‌కే /64 బ్లాకు, అంటే లెక్కలేనన్ని చిరునామాలు, మొత్తం ఉంటుంది. ఒక్కో చిరునామాను లెక్కిస్తే బాట్ ప్రతిసారీ కొత్త చిరునామాతో వస్తుంది. కాబట్టి ఐపీవీ6కు మొదటి నాలుగు భాగాలనే తాళంగా వాడాలి.

ఆ పైన ఫెయిల్2బ్యాన్, లాగ్ చూసి ఐపీలను నిషేధించే ప్రోగ్రామ్. దానిలో ఎన్‌జిన్ఎక్స్ లిమిట్ రెక్ ఫిల్టర్ ముందే ఉంటుంది. 10 నిమిషాల్లో 20 సార్లు పరిమితి దాటితే గంటసేపు నిషేధం అనండి. పైన చెప్పిన మొబైల్ కారణం వల్లే రోజుల తరబడి నిషేధించొద్దు.

ఈ లెక్కకు హద్దు ఎక్కడో కూడా చూసుకోండి. నిమిషానికి 30 చొప్పున 4,000 పేజీలకు ఒక ఐపీ నుంచి 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. అదే 50 ఐపీలుంటే 3 నిమిషాల లోపే. కాస్త డబ్బు పెట్టి ప్రాక్సీలు (వేరే ఐపీలతో వెళ్లనిచ్చే మధ్య సర్వర్లు) కొనుక్కున్నవాడి ముందు సర్వర్ మీది పరిమితి నిలవదు. అప్పుడే, సైటుకు వచ్చేవాళ్లను వడగట్టే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవను ముందు పెట్టుకోవడంలో అర్థం ఉంది. దాని ఉచిత ప్లాన్‌లోనే సొంత నియమాలు రాసుకోవచ్చు: డేటా సెంటర్ల నెట్‌వర్క్ నంబర్ల నుంచి వచ్చి, తెలిసిన బాట్ కాకపోతే మేనేజ్డ్ చాలెంజ్ (మనిషేనా అని చూసే పరీక్ష). మామూలు పాఠకులు డేటా సెంటర్ నుంచి సాధారణంగా రారు. అయితే సైటు నడుస్తోందా అని చూసే సేవలు, పేమెంట్ సేవలు పంపే సమాచారాలు అక్కడినుంచే వస్తాయి. వాటికి ముందే మినహాయింపు రాయండి. ఏఐ బాట్లను ఆపే మీట కూడా 2024 జూలై నుంచి ఉచిత ప్లాన్‌లో ఉంది.

క్లౌడ్‌ఫ్లేర్ పెట్టగానే మూడు పనులు. లేకపోతే పైన చేసినదంతా తలకిందులు.

1. అసలు ఐపీని సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ హెడర్ నుంచి తీసుకునేలా ఎన్‌జిన్ఎక్స్‌లో రియల్ ఐపీ అమర్చండి, అదీ క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించిన ఐపీ శ్రేణుల నుంచి వస్తేనే నమ్మేలా. ఇది మరిస్తే పాఠకులంతా కొద్దిపాటి క్లౌడ్‌ఫ్లేర్ ఐపీల్లా కనబడి మూకుమ్మడిగా 429 తింటారు.
2. ఫైర్‌వాల్‌లో 80, 443 పోర్టులను ఆ శ్రేణులకే తెరవండి. పాత డీఎన్ఎస్ (డొమైన్ పేరుకు ఐపీ చెప్పే పట్టిక) రికార్డుల్లో మీ సర్వర్ ఐపీ దొరికితే బాట్ నేరుగా వచ్చేస్తుంది. వీలైతే ఐపీ కూడా మార్చుకోండి.
3. ఫెయిల్2బ్యాన్ సర్వర్ ఫైర్‌వాల్‌లో వేసే నిషేధం ఇక ఉత్తదే, ఎందుకంటే ప్యాకెట్లు వచ్చేది క్లౌడ్‌ఫ్లేర్ నుంచి. నిషేధాన్ని వాళ్ల ఏపీఐకి పంపే యాక్షన్ పెట్టాలి.

గూగుల్‌బాట్ పేరు చూసి మినహాయింపు ఇవ్వకండి, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు వెతకడం) అడిగితే గూగుల్‌బాట్ డాట్ కామ్ లేదా గూగుల్ డాట్ కామ్‌తో ముగిసే పేరు రావాలి. ఆ పేరును మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి. రెండు వైపులా కుదిరితేనే అసలుది. గూగుల్ తన బాట్ల ఐపీ జాబితా కూడా ప్రచురిస్తుంది, దాన్ని రోజుకొకసారి దించుకుంటే పని తేలిక. నిజమైన గూగుల్‌బాట్‌కు పొరపాటున కూడా 403 ఇవ్వొద్దు, పేజీలు వెతుకులాటలోంచి రాలిపోతాయి. నెమ్మదించమని చెప్పాలంటే 429 లేదా 503, అదీ కొద్దిసేపే.

రోబోట్స్ ఫైలు (ఏ పేజీలు చూడొద్దో బాట్లకు చెప్పే ఫైలు) సంగతి రెండు మాటల్లో. అది 1994 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309గా ప్రమాణమైంది. మాట వినేవాళ్లకే పనికొస్తుంది. జీపీటీబాట్, సీసీబాట్, క్లాడ్‌బాట్ లాంటి బాట్ల పేర్లు అక్కడ రాయొచ్చు. గూగుల్-ఎక్స్‌టెండెడ్ (గూగుల్ ఏఐ వాడకాన్ని ఆపే పేరు) అని రాస్తే గూగుల్ సెర్చ్‌లో మీ స్థానం మారదు. మాట వినని వాటిని పట్టడానికి అదే ఫైలును ఎరగా వాడొచ్చు. ఒక ఉత్తుత్తి దారిని అందులో నిషేధించి, 24 గంటలు ఆగండి, గూగుల్ ఆ ఫైలును దాదాపు అంతసేపు దాచుకుంటుంది. ఆ తర్వాత పేజీ అడుగున ఆ దారికి కనబడని లింకు పెట్టండి. లింకును ట్యాబ్ వరుసలోంచి, స్క్రీన్ రీడర్లనుంచి తప్పించాలి, లేకపోతే చూపులేని పాఠకులు వలలో పడతారు. అక్కడికి వచ్చిన ఐపీని ఫెయిల్2బ్యాన్‌కు అప్పగించండి.

పాఠాన్ని అక్షరాలు మార్చిన ఫాంటుతో దాచమని ఎవరో చెబుతారు. తెలుగులో ఇది పాత కథే. యూనికోడ్‌కు ముందు మన పత్రికల సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతో ఉండేవి. వాటిని యూనికోడ్‌కు మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చాక ఆ తాళం ఊడింది. ఫాంటు పట్టిక ఒకసారి రాసుకుంటే చాలు. ఈలోగా నష్టపోయేది గూగుల్ వెతుకులాటలో మీరే.

పోయినదాన్ని కనిపెట్టడం తేలికే. ప్రతి పోస్టులో మీ వాడుక మాట ఒకటి నాటండి, ‘నూనె తేటపడి గరిటె వెంట జారే దాకా’ లాంటిది. నెలకోసారి దాన్ని కొటేషన్లలో పెట్టి వెతకండి. ‘ఫ్రైడ్‌రైస్’ లాంటి మాటల మధ్య కనబడని జీరో విడ్త్ గుర్తు ఉంటుంది, అలాంటివి ఉన్న వాక్యం వద్దు, వెతుకులాట తప్పుతుంది. ఫొటోల లింకులు మీ డొమైన్‌తో పూర్తిగా రాసి ఉంటే, కాపీ సైటు తెరిచిన ప్రతిసారీ మీ లాగ్‌లో రిఫరర్‌గా (అభ్యర్థన ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే గడిలో) వాళ్ల పేరు పడుతుంది. హాట్‌లింక్ (వేరే సైటు మీ ఫొటోను మీ సర్వర్ నుంచే చూపడం) ఆపేటప్పుడు రిఫరర్ లేని అభ్యర్థనలను వదిలేయండి, లేకపోతే వాట్సాప్‌లో పంపిన లింకుకు ఫొటో రాకపోవచ్చు.

ఫిర్యాదులో ఫొటోలను ముందు పెట్టండి. ఉత్త పదార్థాల జాబితా మీద కాపీరైట్ నిలబెట్టడం కష్టం, ఫొటో మీదా మీ రాత మీదా తేలిక. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు దాచి ఉంచండి. మన కాపీరైట్ చట్టం 52(1)(సి), 2013 నిబంధనల్లో 75 ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందిన మధ్యవర్తి (హోస్టింగ్ కంపెనీ లాంటిది), అది సరైనదని తృప్తిపడితే, 36 గంటల్లో ఆ పేజీని ఆపాలి. ఆ ఆపుదల 21 రోజులే, ఈలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు. హోస్టింగ్ విదేశంలో ఉంటే డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) నోటీసు దగ్గరి దారి. కాపీ సైటు క్లౌడ్‌ఫ్లేర్ వెనక దాక్కుంటే వాళ్ల అబ్యూజ్ ఫారం నింపండి, ఫిర్యాదు అసలు హోస్ట్‌కు చేరుతుంది. గూగుల్ తొలగింపు ఫారంలో ఒక్కో పేజీకి మీ అసలు లింకు, వాళ్ల లింకు జతగా ఇవ్వాలి. వాళ్ల హోమ్ పేజీ ఒక్కటే ఇస్తే ఏ పేజీ తీయాలో తెలియక ఫిర్యాదు వెనక్కి వస్తుంది.