సంస్మరణ సంచికలో టర్నోవర్లు ఎందుకండీ?

ప్రశ్న: మాది గుంటూరులో మూడు తరాల మిర్చి వ్యాపారం. కమీషన్ కొట్టు, కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. కంపెనీ డైరెక్టరుగా ఉన్న మా నాన్నగారు నిరుడు పోయారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామంటే, మేనేజరుగారు రాసిచ్చిందంతా టర్నోవర్లు, గోడౌన్ల కెపాసిటీలే. నాన్నగారికేమో లెక్కలేనన్ని సరదాలు: హార్మోనియం, స్టాంపులు, పాత రేడియోలు బాగుచేయడం, ఉప్పలపాడు వెళ్ళి పిట్టల్ని చూడటం. స్టోరేజీ రిజిస్టరు వెనక పేజీల్లో వాటి లెక్కలూ రాసుకున్నారు. ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. ఇవన్నీ వేస్తే వ్యాపారం పట్టని మనిషనుకుంటారేమోనని మా బాబాయి భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: మీరు పంపిన పేజీనే మీ బాబాయిగారికి చూపించండి. ముందువైపు సిరా ఇవతలికి ఊరి, ‘తేజ, 60 టిక్కీలు, అద్దె బాకీ’ అని తిరగబడ్డ అక్షరాలు కనబడుతున్నాయి (తేజ ఒక మిర్చి రకం, టిక్కీ అంటే బస్తా). వాటి పైనే పెన్సిలుతో ‘గూడబాతులు దిగాయి, ఎర్రకాళ్ళ కొంగలు ఇంకా రాలేదు’ అని ఉంది. రెండూ ఒకే చేతిరాత, ఒకే పట్టుదల. మిర్చి యార్డుకు కొత్త కాయ జోరందుకునే వేళకు ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూళ్ళు నిండి ఉంటాయి. రెండు చోట్లా హాజరైన మనిషి ఎన్నింటికి లేచేవారో మీరే ఊహించుకోండి. ఆ పేజీని మరకలతో సహా అచ్చువేయండి. టైపు చేయించి చక్కబెట్టారో, నేనూరుకోను!

మేనేజరుగారికి దణ్ణం పెట్టి, మిగతా వాళ్ళ దగ్గరకు వెళ్ళండి. పద్యనాటకాల వాళ్ళు, రేడియో సామాన్లమ్మిన కొట్టాయన, చెరువు గట్టున టీ పోసినాయన... రాయడం రాకపోతే ఫోనులో రికార్డు చేసి వాళ్ళ మాటల్లోనే ఎక్కించండి. వ్యాపారం సంగతి రైతుల్ని అడగండి. ధర పడిపోయిన ఏడు అద్దె దగ్గర ఈయన ఎలా ఉన్నారో వాళ్ళు చెప్పాలి. టర్నోవరుకు ఆఖరి పేజీలో నాలుగు లైన్లు చాలు.

మీరడగకపోయినా వస్తువుల గురించీ చెబుతాను, సంవత్సరీకం కాగానే అటక ఖాళీ చేసే ఇళ్ళు చాలా చూశాను. వాల్వు రేడియోను ముచ్చటపడి ప్లగ్గులో పెట్టేయకండి. ఏళ్ళ తరబడి వాడకపోతే లోపలి కండెన్సర్లు పేలే ప్రమాదం ఉంది. తెలిసిన మెకానిక్కు చూశాక, 1948లో మొదలైన మన విజయవాడ కేంద్రం పెట్టుకుని వినండి. స్టాంపుల ఆల్బం పడుకోబెట్టొద్దు, నిలబెట్టండి. మన ఉక్కకు పేజీలు అతుక్కుంటాయి. ఊడినవాటికి సెల్లోటేపు వేశారంటే అంతే సంగతులు. జెండా బొమ్మతో మూడున్నర అణాల జైహింద్ స్టాంపుందేమో వెతకండి. స్వతంత్రం వచ్చాక మొదటిది, 1947 నవంబరు 21న విడుదలైంది. హార్మోనియం మాత్రం బీరువాలో దాచకండి. వాయించకపోతే తిత్తులకు పురుగు పడుతుంది. వాయించేవాళ్ళకు ఇచ్చేయండి.

అన్నట్టు, ఉత్తరం మొత్తంలో మీ అమ్మగారి ఊసే లేదేం బాబూ? ఆదివారం పొద్దున ఆయన చెరువు గట్టున కూర్చుంటే, ఇంటికొచ్చిన రైతులకు కాఫీలిచ్చిందెవరు? రాత్రిళ్ళు ఆ హార్మోనియం విన్నదెవరు? ఆవిడ ఉంటే, తీరిగ్గా కూర్చుని అడగండి. విసుక్కుంటూ చెప్పినా సరే, ఒక్క ముక్క కొట్టేయకుండా వేయండి.